పదమూడు గ్లాసుల ముందు

జూలైలో ముసఫ్ఫాలో
తెల్లారుజామున మూడున్నరకి కూడా
కుళాయి తిప్పితే టీ నీళ్లే.
డాబా మీది నల్ల ట్యాంకు
పగలంతా ఎండను మింగి
స్నానాల వేళకి మా వీపుల మీద కక్కుతుంది.

తలా పాతిక దిర్హమ్‌లు వేశాం.
పదకొండు మందికి రెండొందల డెబ్బై ఐదు.
ఏం చేద్దామో చెప్పండని
చికెన్ అట్టపెట్టె విప్పి గోడకు అంటించాను.
మార్కర్ నా చేతికిచ్చారు
ఇంటర్ చదివినందుకు కాదు,
ఈ గదిలో అరవనివాణ్ణి నేనొక్కణ్ణే అని.

ఇవాళ ఎవరి మాటా కొట్టెయ్యకూడదు, అదీ షరతు.
ఐసుదిమ్మ కొని ట్యాంకులో వేద్దామన్నాడు గంగాధర్.
రాశాను.
తడి గోనెలు చుడదామన్నాడు లింబాద్రి.
రాశాను.
"యాడికన్నా పొయ్యి సముద్రంలో మునిగొస్తే సరిపాయ"
అన్నాడు ఓబులేసు. గదంతా నవ్వింది.
అదీ రాశాను.
ట్యాంకుకు తెల్లరంగు, క్యాంప్ బాసుకు అర్జీ,
రాత్రే డ్రమ్ములు నింపి ఏసీ కింద పెట్టుకోవడం…
అట్ట నిండేసరికి పదమూడు.

పుట్టించడం ఎంత తేలికో అప్పుడే తెలిసింది.
పన్నెండింటిని పొమ్మనాలి.
ప్రతిదాని వెనకా ఒక మొహం కూర్చుని ఉంది.
గంగాధర్ ఐసును కాదంటే
ఐసు ఫ్యాక్టరీలో వాడు మోసిన ఆరేళ్లనీ కాదన్నట్టే.

మర్నాడు రాత్రి
అట్ట మీది పేర్లన్నీ నల్లగా పూసేశాను.
ఇక ఇది గంగాధర్ ఐసు కాదు, వట్టి ఐసు.
దీన్ని తిడితే ఎవరికీ తగలదు.

ఒక్కోదాని ముందు ఒక్కో టీ గ్లాసు.
ఉన్నవి పదకొండే,
మిగతా రెండింటికీ డాల్డా డబ్బాలు.
మనిషికి మూడు శనగలిచ్చి లైటు తీసేశాను.
వెలుతురుంటే
లింబాద్రి చెయ్యి ఎటు పోతే
పది చేతులూ అటే పోతాయి మరి,
పదహారేళ్ల సీనియర్.

చీకట్లో
టిక్, టిక్, టక్.
ఒకడు తడుముకుంటూ ఇంకొకడి కాలు తొక్కాడు.

లైటు వేసి లెక్కపెట్టాను.
డ్రమ్ములకు పద్నాలుగు. గోనెలకు తొమ్మిది.
ఐసుకు మూడు, ఎవరివో అందరికీ తెలుసు.
సముద్రానికి నాలుగు, ఎవరివో ఇప్పటికీ తెలీదు.
మొత్తం ముప్పై.
మూడు తక్కువ.

డ్రమ్ములే! అని చప్పట్లు మొదలయ్యాయి.
నేను ఇంకా మూడు శనగలు వెతుకుతున్నాను.
తలుపు దగ్గర రాజనర్సు,
వచ్చి మూడు వారాలు,
పిడికిలి విప్పలేదు.

"ఏమైందిరా?"
చాలాసేపు పలకలేదు.
"గా డ్రమ్ములు బాత్రూం నుంచి మోసేది ఎవలన్నా?
కొత్తోన్ని… నేనే గదా."

చప్పట్లు ఆగిపోయాయి.
పదమూడింటినీ తిరగేసి అడిగాం,
ఎంతవుతుంది, ఎప్పుడవుతుంది అని.
ఎవరి నడుము మీద అవుతుంది అని
ఒక్కరం అడగలేదు.
నేనూ అడగలేదు, మార్కర్ పట్టుకున్నవాణ్ణి.

లింబాద్రే లేచాడు.
డ్రమ్ము అనే మాట కొట్టేసి
పక్కనే వంకర అక్షరాల్తో రాశాడు: బకెట్టు.
ఎవని బకెట్టు వాడే నింపుకోవాలె,
ఎవని మంచం కింద వాడే పెట్టుకోవాలె.
అది ఎవరి ఆలోచనో చెప్పమంటే
ఇప్పుడు నేను చెప్పలేను.

మూతలున్న బకెట్లు పదకొండు, నూటపది.
మిగిలిన దాంట్లోంచి
ప్రతి శుక్రవారం ఒక ఐసుదిమ్మ
ట్యాంకులోకి కాదు, నిమ్మకాయ షర్బత్‌లోకి.
దిమ్మ పగలగొట్టేది గంగాధరే,
సుత్తి ఇంకెవర్నీ ముట్టనివ్వడు.

అట్ట పారెయ్యలేదు. నా పరుపు కింద ఉంది.
చలికాలం వస్తే ట్యాంకు ఇంకో మాట మాట్లాడుతుంది.

ఇవాళ మూడున్నరకి
బాత్రూంలోంచి ఓబులేసు కేక:
"ఒరేయ్, చలి రా నాయనా!"
జూలైలో.
రాజనర్సు నిద్రలోనే నవ్వాడనుకుంటా,
చీకట్లో సరిగ్గా కనపడలేదు.